అమ్మకు ఉప్పెన గుర్తుంది, మేము సెప్టెంబర్‌లో ఓడ ఎక్కిస్తామంటున్నాం

ఈ వారం ఉత్తరం అమెరికా నుంచి. డాలస్ పక్కన ఉంటున్న ఒక అమ్మాయి రాశారు. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు. ఏప్రిల్‌లో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. అక్టోబర్ మధ్య దాకా ఉండే వీలుంది. నాన్నగారికి సెప్టెంబర్‌లో డెబ్బై నిండుతాయి. ఆ సందర్భంగా టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి వారం రోజుల క్రూయిజ్ బుక్ చేశారు. సెప్టెంబర్ రెండో ఆదివారం బయల్దేరి, కోజుమెల్, కోస్టా మాయా లాంటి మెక్సికో తీరాలు చూసి, మళ్ళీ ఆదివారం పొద్దున్న తిరిగి రావాలి. అట్లాంటా నుంచి ఆడపడుచు, ఆవిడ భర్త, పిల్లలు విమానంలో వచ్చి కలుస్తారు. ఓడ దిగిన రెండో రోజు, మంగళవారం, అమ్మానాన్నలకు హైదరాబాద్ విమానం. ఈ ఆరుగురి వాటా 6,500 డాలర్లు. అందులో అడ్వాన్సు కట్టిన 1,200 తిరిగి రాదు. మిగతాది జూన్ 15 లోపు కట్టాలి.

అమ్మగారిది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకు పదిహేనేళ్ళు. ఊళ్ళో ఉన్న ఒక్క డాబా మీదికి ఎక్కి బతికారు. చిన్నాన్న, ఆయన పిల్లలిద్దరూ దొరకలేదు. మే నెలాఖరులో ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర టీవీలో హరికేన్ సీజన్ గురించి వార్త వచ్చింది. అల్లుడుగారు "సెప్టెంబర్ అంటే పీక్ కదా, చూద్దాం మన అదృష్టం ఎలా ఉందో" అన్నారట. అప్పటినుంచి క్రూయిజ్ మాట వస్తే అమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు. "మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటా" అంటున్నారు.

"మా వారేమో 'ఓడలు తుఫాన్‌లోకి వెళ్ళవు, అత్తయ్యకి అర్థం కావట్లేదు' అంటున్నారు. ఆడపడుచు 'ఫ్లైట్ టికెట్లు కొనేశాం, ఇప్పుడు మారిస్తే ఎలా' అంటోంది. కిందటేడు మా ఫ్రెండ్ వాళ్ళు వెళ్తే తుఫాను వల్ల ఓడ రెండు రోజులు లేటయింది, హ్యూస్టన్‌లో హోటల్లో కూర్చున్నారు, ఐదు రోజుల ట్రిప్పు మూడు రోజులైంది. నిజంగా ప్రమాదం ఉందా? వెళ్ళకపోతే డబ్బంతా పోయినట్టేనా? అమ్మకి ఎలా చెప్పాలి? నాకు రోజూ టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మీ ఇంట్లో అందరూ తుఫాను అనే ఒకే మాట వాడుతున్నారు గానీ, ఒకే విషయం మాట్లాడుకోవడం లేదు. అమ్మగారు ప్రాణాల గురించి మాట్లాడుతున్నారు. మీవారు ఓడ ఎటు వెళ్తుందో చెబుతున్నారు. ఆడపడుచు బాధ టికెట్లది. అందుకే ఎవరు ఏం చెప్పినా ఇంకొకరికి అది జవాబు కావడం లేదు. ముందు వీటిని విడదీద్దాం. నేను హ్యూస్టన్‌లో తొమ్మిదేళ్ళు ఉన్నాను, గాల్వెస్టన్ నుంచి ఓడ కూడా ఎక్కాను. కాబట్టి కొంత చూసిందే చెబుతున్నాను.

ప్రాణాల సంగతి మొదట. అట్లాంటిక్ వైపు హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30తో ముగుస్తుంది. తుఫాన్లు ఎక్కువగా వచ్చేది ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. అందులోనూ సెప్టెంబర్ 10 చుట్టుపక్కల మరీ ఎక్కువ. మీ తేదీ సరిగ్గా అక్కడే పడింది. ఆ వారం టికెట్లు చవగ్గా దొరకడానికి పిల్లల బడులు తెరిచి ఉండటం ఒక కారణమైతే, ఇది ఇంకో కారణం. కాబట్టి అమ్మగారి భయం గాలిలోంచి పుట్టింది కాదు.

అయితే ఓడ తుఫాన్‌కి ఎదురెళ్ళదన్న మాట కూడా నిజమే. మన బంగాళాఖాతంలో తుఫాను అన్నా, అక్కడ హరికేన్ అన్నా జాతి ఒకటే. గాలి వేగం గంటకు 63 కిలోమీటర్లు దాటితే దానికి పేరు పెడతారు, 119 దాటితే హరికేన్ అంటారు. ఆ గాలి ఎంత జోరుగా తిరిగినా, మొత్తం తుఫాను ముందుకు జరిగే వేగం మామూలుగా గంటకు 10, 15 మైళ్ళే. క్రూయిజ్ ఓడ గంటకు 25 మైళ్ళ దాకా వెళ్ళగలదు. పైగా మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకోసారి తుఫాను ఎక్కడుందో, ఎటు పోతోందో ప్రకటిస్తుంది. తీరానికి హెచ్చరికలు ఇచ్చాక మధ్యలో మూడు గంటలకోసారి కూడా చెబుతుంది. ఇంకా పుట్టని తుఫాను ఎక్కడ పుట్టొచ్చో ఏడు రోజుల ముందు నుంచే మ్యాపులో చూపిస్తుంది. కెప్టెన్‌కి పక్కకు తప్పుకోవడానికి టైమూ ఉంటుంది, ఓడలో వేగమూ ఉంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. తుఫాను వేళ ఓడకు నడిసముద్రం కన్నా రేవే ప్రమాదం. కట్టేసిన ఓడను గాలి తీసుకెళ్ళి గట్టుకేసి కొడుతుంది, అది తప్పుకోవడానికి చోటుండదు. అందుకే తుఫాను వస్తోందంటే పెద్ద ఓడల్ని బయటికి పంపేస్తారు. మన విశాఖ రేవులోనూ అదే పని చేస్తారు. అమ్మగారి కళ్ళ ముందున్నది ఇళ్ళ మీదికి వచ్చిన నీళ్ళు. ఉప్పెన లోతు తక్కువున్న తీరం దగ్గరే గోడలా లేస్తుంది. లోతైన సముద్రంలో ఓడ కింద అలాంటి గోడ లేవదు.

ఒక్క మాట మాత్రం దాచకుండా చెప్పాలి. తుఫాను వందల మైళ్ళ అవతల ఉన్నా దాని అలలు ఇక్కడిదాకా వస్తాయి. ఓడ ఊగకుండా స్టెబిలైజర్లు ఉంటాయి, అయినా తెలుస్తుంది. కళ్ళు తిరుగుతాయి, వాంతులవుతాయి, డెబ్బై ఏళ్ళ మనిషి మెట్ల మీద తూలి పడొచ్చు. వెళ్ళేటట్టయితే అమ్మానాన్నల గది ఓడకు నడుమన, కింది అంతస్తుల్లో ఉండేలా మార్పించండి. ఊపు అక్కడ తక్కువ.

ఇక మీవారు చెప్పినదాంట్లో సగమే ఉంది. ఓడ తుఫాన్‌ని తప్పించుకుంటుంది కాబట్టే మీ ప్రయాణం తారుమారవుతుంది. ప్రాణానికి ఎంత భరోసానో, ప్లానుకి అంత చేటు.

ఎందుకో చెబుతాను. మీరు ఆదివారం ఎక్కే ఓడ మీకోసం రేవులో ముందే వచ్చి కూర్చోదు. ఆ పొద్దున్నే ముందు వారం జనాన్ని మోసుకొస్తుంది. పది గంటలకల్లా వాళ్ళందరూ దిగిపోవాలి. గదులు తుడిచి, దుప్పట్లు మార్చి, వారానికి సరిపడా తిండి, ఇంధనం ఎక్కించి, సాయంత్రం నాలుగింటికి మీతో బయల్దేరాలి. అంటే మీకు ముందు వారం గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తుఫాను ఉంటే చాలు, మీ ఆదివారం గాల్వెస్టన్‌లో ఎండ కాస్తున్నా ఓడ వచ్చి ఉండకపోవచ్చు. మీ ఫ్రెండ్ వాళ్ళకి జరిగింది ఇదే అయ్యుంటుంది.

పైగా గాల్వెస్టన్ ఓడకు దారులు తక్కువ. ఆ గల్ఫ్ ఒక పెద్ద చెరువనుకోండి. దానికి రెండే తూములు. ఒకటి మెక్సికో యుకటాన్ కొసకీ క్యూబాకీ మధ్య, రెండోది క్యూబాకీ ఫ్లోరిడాకీ మధ్య. ఫ్లోరిడా నుంచి బయల్దేరే ఓడ అయితే పడమట తుఫానుంటే తూర్పు దీవులకు, తూర్పున ఉంటే పడమటి దీవులకు తిప్పేస్తారు. మీ ఓడకు అంత వెసులుబాటు లేదు. తుఫాను ఏదో ఒక తూము దగ్గర ఉంటే, లోపల్లోపలే తిరుగుతూ ఆగాల్సి రావచ్చు.

రేవు మూయడం, తెరవడం క్రూయిజ్ కంపెనీ చేతుల్లో లేదు. అమెరికా కోస్ట్ గార్డ్‌లో రేవుకో అధికారి ఉంటారు. ఆయన నాలుగు దశల్లో ప్రకటిస్తారు. పెనుగాలులు 72 గంటల్లో వస్తాయనుకుంటే ‘విస్కీ’ అనే దశ, 48 గంటలైతే ఎక్స్-రే, 24 గంటలైతే యాంకీ, 12 గంటలకు వచ్చేసరికి జులూ. జులూ అంటే రేవు మూసేసినట్టే. మచిలీపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు అమ్మగారికి మనకన్నా బాగా తెలుసు. ఇదీ అలాంటిదేనని చెబితే ఒక్క మాటలో అర్థమవుతుంది.

గాలి తగ్గగానే రేవు తెరుచుకోదు కూడా. కాలువలో ఇసుక మేట వేసిందేమో, ఏదైనా మునిగిందేమో సర్వే పడవలు కొలవాలి. దారి చూపే బోయాలు కొట్టుకుపోయి ఉంటే మళ్ళీ వేయాలి. ఓడని లోపలికి తెచ్చే పైలట్లు సముద్రంలోకి వెళ్ళగలగాలి. 2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ హరికేన్ టెక్సస్‌లో రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. అది గాల్వెస్టన్‌కి చాలా దూరం. అయినా హ్యూస్టన్‌ని వాన ముంచేసింది, విమానాశ్రయాలు మూతబడ్డాయి, గాల్వెస్టన్‌కి రావాల్సిన క్రూయిజ్ ఓడలు రోజుల తరబడి లోపలికి రాలేకపోయాయి. కొన్ని న్యూ ఆర్లీన్స్ వెళ్ళి తిండి, ఇంధనం నింపుకున్నాయి. ఒకటి మయామీ దాకా వెళ్ళింది. వేలమంది సముద్రంలోనే ఆగిపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ వాళ్ళ సెలవులు, విమానాలు, ఉద్యోగాలు అన్నీ చిందరవందరయ్యాయి.

"కంపెనీ వాళ్ళు ముందే చెప్పొచ్చు కదా" అని అందరూ కోప్పడతారు. నాకూ వచ్చింది ఆ కోపం. కానీ ఐదు రోజుల ముందు వేసిన అంచనాలో తుఫాను నడిబొడ్డు ఎక్కడుంటుందన్నదే సుమారు 200 మైళ్ళు అటూ ఇటూ కావచ్చు. 200 మైళ్ళు అంటే రేవు మూతబడటానికీ, మామూలుగా నడవడానికీ మధ్య తేడా. అందుకే కబురు సాధారణంగా రెండు మూడు రోజుల ముందు, ఒక్కోసారి ముందురోజు వస్తుంది. ఆ కబురు మెసేజీలోనో ఈమెయిల్లోనో వస్తుంది కాబట్టి, బుకింగ్‌లో మీ ఫోన్ నంబరే ఉందో, టికెట్లు చేసిన ఏజెంట్‌ది ఉందో ఈరోజే చూసుకోండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఒక సెప్టెంబర్‌లో మా అత్తగారితో కలిసి వెళ్ళాం. తిరుగు దారిలో రేవు మూసేశారు. మా అత్తగారికి వారం మాత్రల డబ్బా ఉంటుంది, రోజుకో గడి. ఆదివారం పొద్దున ఆవిడ చివరి గడి తెరిచి బీపీ మాత్ర వేసుకుని, ఖాళీ డబ్బా మూత టక్కుమని మూసి నా వైపు చూశారు. ఓడ అప్పటికింకా తీరానికి చాలా దూరంలో గుండ్రంగా తిరుగుతోంది. మంగళవారం గానీ దిగలేదు. ఓడలో డాక్టరు ఉన్నారు, మాత్రలు ఇచ్చారు, బిల్లు చూసి మావారు కాసేపు మాట్లాడలేదు. తుఫాను మమ్మల్ని తాకనైనా లేదు. ఇబ్బంది పెట్టింది ఆ ఖాళీ గడులే. కాబట్టి వెళ్ళేటట్టయితే నాన్నగారి మందులు పదిహేను రోజులకు సరిపడా, పెద్ద పెట్టెలో కాదు, చేతి సంచిలో పెట్టండి.

ఇప్పుడు మీ ప్లానులో నాకు అన్నిటికన్నా గుబులుగా అనిపించింది ఆ మంగళవారం విమానం. బయల్దేరడం లేటయితే హోటల్లో కూర్చోవచ్చు. తిరిగి రావడం రెండు రోజులు లేటయితే హైదరాబాద్ విమానం వెళ్ళిపోతుంది. చివరి నిమిషంలో ఇద్దరికి కొత్త టికెట్లు కొనాలంటే చాలా డబ్బవుతుంది. వాళ్ళకి అక్టోబర్ మధ్య దాకా ఉండే వీలుంది కాబట్టి, క్రూయిజ్ సంగతి ఎలా తేలినా ఆ టికెట్ ఒక వారం వెనక్కి జరిపే దారి ముందు చూడండి. ఇప్పుడైతే మార్పు రుసుము తక్కువలో పోవచ్చు.

డబ్బు గురించి అడిగారు. కంపెనీయే ప్రయాణం రద్దు చేస్తే మీ డబ్బు మీకు వస్తుంది. 2022 నుంచి అమెరికాలో ఉన్న నిబంధన ప్రకారం ఓడ ఎక్కడం మూడు రోజులు, అంతకన్నా ఎక్కువ ఆలస్యమై మీరు వద్దనుకున్నా పూర్తి డబ్బు అడగొచ్చు. అంతకు తక్కువైతే కంపెనీ దయ. కోజుమెల్ బదులు ఇంకెక్కడికో తీసుకెళ్ళినా, ఏ ఊరూ చూపించకుండా సముద్రంలోనే తిప్పినా, ఒప్పందంలో దానికి మీరు ముందే ఒప్పుకున్నట్టు రాసి ఉంటుంది. వెళ్ళని రేవుల పన్నులు మాత్రం తిరిగిస్తారు. హోటల్, విమానం ఖర్చులు మీవే.

తుఫానుంటుందేమోనన్న భయంతో మీరే మానుకుంటే, జూన్ 15 తర్వాత ఎంత ఆలస్యం చేస్తే అంత ఎక్కువ పోతుంది. చివరి రోజుల్లో మొత్తం పోతుంది. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో భయం ఒక కారణం కాదు. తుఫాన్‌కి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫాన్‌కి పనికిరాదు. ఏ కారణం చెప్పకుండా మానుకున్నా 50 నుంచి 75 శాతం ఇచ్చే పాలసీలున్నాయి గానీ, అవి మొదటి అడ్వాన్సు కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి. మీకు ఆ గడువు దాటిపోయి ఉంటుంది. మిగిలింది ఒకటి. చాలా క్రూయిజ్ కంపెనీలు సొంతంగా ఒక ప్లాన్ అమ్ముతాయి. దాన్ని చివరి చెల్లింపు దాకా కొనొచ్చు. బయల్దేరే ముందు ఏ కారణంతో మానుకున్నా, నగదు కాకుండా ఇంకో ప్రయాణానికి వాడుకునే క్రెడిట్‌గా చాలా భాగం ఇస్తారు. మీ కంపెనీకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: ఎంత శాతం, ఎన్ని రోజుల్లో వాడాలి, అమ్మానాన్నల క్రెడిట్ ఇంకొకరు వాడుకోవచ్చా. ఎవరి పేరు మీద వస్తే వాళ్ళే వాడాలని అంటే, ఇండియా వెళ్ళిపోయే అమ్మానాన్నల వాటా నీళ్ళలో పోసినట్టేనని ముందే లెక్క వేసుకోండి. అమ్మానాన్నలకు మీరు తీసుకున్న విజిటర్ హెల్త్ ఇన్సూరెన్స్ ఓడలో, మెక్సికోలో పనిచేస్తుందో లేదో కూడా చూడండి. చాలావాటికి అమెరికా గడ్డ మీదే విలువ.

ఇంతవరకు విన్నాక మీ ముందున్న దారులు చూద్దాం.

అనుకున్న తేదీకే వెళ్ళడం ఒకటి. వెళ్ళాలనుకుంటే ఆ కంపెనీ ప్లాన్ తీసుకుని, విమానం వారం జరిపి, ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి: బయల్దేరే ముందు గురువారం రాత్రి నేషనల్ హరికేన్ సెంటర్ మ్యాపు తెరిస్తే గల్ఫ్‌లో గానీ పడమటి కరేబియన్‌లో గానీ పేరున్న తుఫాను కనబడితే మనం వెళ్ళం. ఓడ వెళ్తానన్నా సరే, మనం వెళ్ళం. చూసి చెప్పేది అమ్మగారే. ఇది ఆవిడని బుజ్జగించడానికి చెప్పడం లేదు. ఆ ప్లాన్ కొంటే ఆవిడ "వద్దు" అన్న మాటకు మీ ఇల్లు తట్టుకోగలదు, లేకపోతే ఆ గురువారం అందరూ ఆవిడ ముఖం కేసి 6,500 డాలర్ల లెక్కతో చూస్తారు. అలాంటి చోట ఎవరూ నిజం చెప్పలేరు. ఇందులో నష్టం ఏమిటంటే ప్లాన్ ఖర్చు, విమానం మార్పు ఖర్చు, పిల్లల బడి వారం కన్నా ఎక్కువ పోయే అవకాశం. ఆడపడుచు వాళ్ళకీ ఈ నియమం ఇప్పుడే చెప్పాలి. వాళ్ళు వెళ్తామంటే వెళ్ళనివ్వండి, అందులో తప్పులేదు.

ఈ దారిలో వెళ్తే శనివారమే హ్యూస్టన్ చేరండి. డాలస్ నుంచి ఆదివారం పొద్దున్నే బయల్దేరి ఐదు గంటలు కారు నడిపి రేవుకి వెళ్ళాలన్న ఆలోచన వద్దు. ఓడ టైము మారితే హ్యూస్టన్‌లో హోటల్ దొరుకుతుంది, గాల్వెస్టన్ ఒక దీవి, అక్కడ అన్నీ నిండిపోతాయి. తీరం ఖాళీ చేయమన్నారంటే గాల్వెస్టన్ నుంచి హ్యూస్టన్, డాలస్ వైపు వచ్చే ఐ-45 రోడ్డు మీద జనమంతా పైకి వస్తుంటారు, మీరు కిందికి పోలేరు. 2005లో రీటా తుఫానప్పుడు ఆ రోడ్డు మీద కార్లు గంటల తరబడి కదలకుండా నిలిచిపోయాయి. అలాంటి మాట వినబడితే రేవు వైపు వెళ్ళకుండా వెనక్కి తిరగండి, డబ్బు సంగతి తర్వాత.

జులైకి జరపడం ఇంకో దారి. ఆ నెలలో తుఫాన్లు సెప్టెంబర్ కన్నా బాగా తక్కువ, పిల్లలకు సెలవులు, విమానానికి రెండు నెలల గడువు. ఖర్చు మాత్రం పెరుగుతుంది, పుట్టినరోజు కూడా కలవదు. తక్కువ అన్నాను గానీ లేవని కాదు. 2024లో బెరిల్ హరికేన్ జులై మొదట్లోనే తీవ్రతలో అన్నిటికన్నా పైదైన ఐదో కేటగిరీకి చేరింది, జులై 8న టెక్సస్‌లో మాటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్‌లో ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు, షాపులకు కరెంటు పోయింది. కాబట్టి అమ్మగారితో "జులై అయితే తుఫానే ఉండదు" అని మాటివ్వకండి. చెల్లింపు గడువులోపు తేదీ మారిస్తే అడ్వాన్సు కొత్త తేదీకి కలుపుతారా అని అడగండి. కొందరు కొంత రుసుము తీసుకుని కలుపుతారు.

అలాస్కా వైపు వెళ్తే హరికేన్ల గొడవ లేదు కదా అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు మామూలుగా కెనడాలో ఒక రేవులో ఆగుతాయి. ఇండియా పాస్‌పోర్టు ఉన్న అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి. ఇంత తక్కువ టైములో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అమ్మగారిని ఇంట్లో ఉంచి మిగతావాళ్ళు వెళ్ళడం మీ ఉత్తరంలో రాయలేదు గానీ, మీ ఇంట్లో అనుకుంటున్నారని తెలుస్తోంది. ఆవిడే అంటున్నారు కాబట్టి అది కూడా దారే. కానీ కారు నడపని మనిషి, ఒక్కతే, సబర్బ్ ఇంట్లో ఎనిమిది రోజులు, ఫోన్‌కి ఓడలో సిగ్నల్ అందుతుందో లేదో తెలియక, టీవీలో మ్యాపు చూస్తూ కూర్చుంటుంది. ఆవిడ దేనికైతే భయపడుతోందో, సరిగ్గా అందులోనే ఆవిడని వదిలేసినట్టవుతుంది. ఇది వద్దని నా మనసుకి గట్టిగా అనిపిస్తోంది.

చివరిది మానుకోవడం. జూన్ 15 లోపు మానుకుంటే పోయేది 1,200. మిగతా 5,300 చేతిలో ఉంటాయి. ఆడపడుచు వాళ్ళ విమాన టికెట్లు డాలస్‌కే మార్చుకోవచ్చేమో చూడండి. పదిమందీ కలిసి ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని నాలుగు రోజులుంటే నాన్నగారి డెబ్బై ఏమీ తక్కువ కాదు.

ఇక మీ అసలు ప్రశ్న, అమ్మకి ఎలా చెప్పాలి. "అర్థం కావట్లేదు" అన్న మాట ఆవిడ చెవిన పడనివ్వకండి. మీ ఇంట్లో తుఫాను అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కరే. ఉప్పెన వచ్చిన ఆ శనివారం ఆవిడ ఊరికి హెచ్చరిక చేరాల్సినట్టు చేరలేదు. రేడియోలో చెప్పిందేదో, అధికారులకు తెలిసిందేదో, డాబా లేని ఇళ్ళకు మాత్రం నీళ్ళే కబురు తెచ్చాయి. ఆ ఉప్పెనలో మొత్తం పదివేలమందికి తక్కువ కాకుండా పోయారు. అలాంటి మనిషితో "చూద్దాం మన అదృష్టం" అనడం ఎలా ఉంటుందో మీవారికి మీరే నెమ్మదిగా చెప్పండి. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, తెలియక అన్నారు. కానీ ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది ఆయనే. "అత్తయ్యా, ఆ రోజు అలా అనకూడదు" అని ఒక్క మాట చాలు.

తర్వాత మీరు ఒక్కరే ఆవిడ దగ్గర కూర్చోండి. క్రూయిజ్ గురించి కాదు, ఆ రాత్రి గురించి అడగండి. చాలామంది దివిసీమ తల్లులు పిల్లలకు ఆ కథ మొదట్నుంచి చివరిదాకా ఎప్పుడూ చెప్పి ఉండరు, ముక్కలు ముక్కలుగా చెప్పి ఉంటారు. చెప్పనని అంటే వదిలేయండి. చెబితే మధ్యలో ఓదార్చకుండా వినండి. ఆ తర్వాతే, అదే రోజు కానక్కర్లేదు, ఫోన్లో మ్యాపు తెరిచి చూపించండి. సున్నాల్లో, గీతల్లో తుఫాను ఎక్కడ పుడుతుందో, ఎలా ముందుగా కనబడుతుందో, ఓడ ఎటు తప్పుకుంటుందో, రేవు ఎవరు మూస్తారో. మ్యాపులో కనిపించే గరాటు లాంటి తెల్ల బొమ్మ తుఫాను సైజు కాదనీ, దాని నడిబొడ్డు ఎటెటు వెళ్ళొచ్చో చూపించే అంచనా మాత్రమేననీ చెప్పండి. వాన, గాలి దాని బయటా ఉంటాయి.

ఇంకొకటి ముందే చెప్పి ఉంచండి. గాల్వెస్టన్‌లో సముద్రపు గోడ వెంట వెళ్తుంటే 1900 తుఫాను మృతుల స్మారకం కనబడుతుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 8న ఆ దీవిని ఉప్పెన ముంచేసింది. కనీసం ఆరువేలమంది, ఎనిమిదివేల దాకా అని కూడా అంటారు, పోయారు. ఆ తర్వాతే 17 అడుగుల గోడ కట్టారు, ఊరి నేలనే ఇసుక పోసి ఎత్తు చేశారు. ఆవిడకి అక్కడ హఠాత్తుగా తెలిస్తే గుండె గుభేల్‌మంటుంది. మీ నోటి నుంచి ముందే వింటే, ఆ ఊరువాళ్ళూ తనలాంటివాళ్ళే అనిపించవచ్చు. ఆగి దండం పెట్టుకుంటానన్నా అనొచ్చు.

ఇదంతా విని కూడా ఆవిడ రానంటే, అది ఆవిడ జవాబు. రెండోసారి అడగొద్దు. జూన్ 15 లోపు మానుకోండి.

ఒక్క విషయం మాత్రం మీ ఉత్తరంలో వెతికితే దొరకలేదు. అమ్మ ఏమంటున్నారో రాశారు, మీవారు, ఆడపడుచు, ఫ్రెండ్ ఏమన్నారో రాశారు. పుట్టినరోజు ఎవరిదో ఆయన ఏమన్నారో ఒక్క ముక్కా లేదు. నాన్నగారు ఓడ ఎక్కాలనుకుంటున్నారా, లేక మీరు సంతోషంగా ఉన్నారని సరే అన్నారా? సాయంత్రం వాకింగ్‌కి ఆయనతో మీరు ఒక్కరే వెళ్ళి అడగండి, ఈ వారంలోనే.